చంద్రుడి మీద డిష్షూ మన డాబా మీద డిష్షూ ఒకటే సైజు

1969 జులై 21, సోమవారం. మన గడియారాల్లో ఉదయం 8 గంటల 26 నిమిషాలకు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టాడు. అప్పటికి విశాఖపట్నంలో టీవీ లేదు. రేడియో ఉన్నవాళ్లు విన్నారు, లేనివాళ్లు పేపరొచ్చాక చదువుకున్నారు. టీవీలున్న దేశాల్లో మాత్రం సుమారు 60 కోట్ల మంది ఆ దృశ్యం చూశారు. చంద్రుడి దగ్గర్నుంచి ఆ బొమ్మ భూమికి ఎలా దిగిందన్న సంగతి మీద ఆస్ట్రేలియావాళ్లు 2000లో ఒక సినిమా తీశారు. పేరు 'ద డిష్'. దర్శకుడు రాబ్ సిచ్, ముఖ్యపాత్రలో శామ్ నీల్.

గొర్రెలు మేసే పొలాల మధ్య 64 మీటర్ల వెడల్పున్న రేడియో టెలిస్కోపు. దాన్ని నడిపే ముగ్గురు, వాళ్ల మీద కన్నేసి ఉంచడానికి నాసా నుంచి వచ్చిన ఒకాయన. పక్కనే పార్క్స్ అనే ఒక చిన్న ఊరు. ఆ ఊరి మేయరుకి ఇంతకన్నా పెద్ద పండుగ జన్మలో రాదు. అమెరికా రాయబారి వచ్చిన రోజున, జాతీయగీతం అనుకుని ఒక పోలీసు సీరియల్ సంగీతాన్ని బ్యాండువాళ్లు శ్రద్ధగా వాయించే సన్నివేశం దగ్గర నవ్వని మనిషి ఉండడు. సినిమాలో విలన్ లేడు. ఎవరినీ చిన్నబుచ్చదు. అంతరిక్షం మీద వచ్చిన సినిమాల్లో పిల్లలతో కూర్చుని చూడటానికి ఇంతకన్నా మంచిది నాకు కనపడలేదు. ఆస్ట్రేలియా యాస తొందరగా చెవికి ఎక్కదు కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

సినిమా అయ్యాక పిల్లలు తప్పకుండా వేసే ప్రశ్న: అంత పెద్ద డిష్ ఎందుకు? దీనికి మాటలతో చెప్పే జవాబు కన్నా డాబా ఎక్కి చూపించే జవాబు మంచిది. అక్కడికి వెళ్లేముందు కొన్ని అంకెలు చేతిలో ఉండాలి.

చంద్రుడి మీద దిగిన ఈగిల్ నౌక నెత్తిన ఉన్న డిష్ వెడల్పు 26 అంగుళాలు, అంటే 66 సెంటీమీటర్లు. మన డాబాల మీద టీవీకి బిగించే డిష్ 60 సెంటీమీటర్లు. రెండూ దాదాపు ఒకటే. ఈగిల్ ట్రాన్స్‌మిటర్ బలం 20 వాట్లు, ఇప్పటి ఎల్ఈడీ ట్యూబ్‌లైటు తినేంత. సుమారు 3 మీటర్ల మడత యాంటెన్నా కూడా ఒకటి వెంట తీసుకెళ్లారు గానీ విప్పలేదు. బయట తిరగడానికి ఉన్నదే రెండున్నర గంటలు. దాన్ని గొడుగులా విప్పి, నిలబెట్టి, భూమి వైపు గురిపెట్టే పనికి అందులోంచి సమయం తీయాలి. భూమ్మీద 64 మీటర్ల డిష్‌లు రెండు ఉన్నాయి, అమెరికాలో గోల్డ్‌స్టోన్‌లో ఒకటి, ఆస్ట్రేలియాలో పార్క్స్‌లో ఒకటి. అందుకే ఆ పని తప్పింది. చెప్పే గొంతు చిన్నదైతే వినే చెవి పెద్దదవ్వాలి. సినిమాకి ఆ పేరు పెట్టడంలో ఉన్న అర్థం ఇదే.

ఎంత పెద్ద చెవి? 20 వాట్లు దాదాపు 3 లక్షల 90 వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి పార్క్స్ డిష్ మొత్తంలో పడేసరికి మిగిలేది ఒక వాట్‌లో లక్ష కోట్ల వంతు చొప్పున ఓ రెండు వంతులు. అదే రోజు పనిచేసిన, ఆస్ట్రేలియాలోనే ఉన్న హనీసకిల్ క్రీక్ కేంద్రం డిష్ 26 మీటర్లది. వెడల్పులో తేడా రెండున్నర రెట్లే అయినా వైశాల్యంలో ఆరు రెట్లు. పట్టే సిగ్నల్ కూడా ఆరు రెట్లు. బొమ్మలో చుక్కలు తగ్గి మనిషి ఆకారం తేరడానికి ఆ ఆరు రెట్లే కారణం.

డిష్ పెద్దదయ్యేకొద్దీ ఇంకొక చిక్కు మొదలవుతుంది. చూపు సన్నబడిపోతుంది. డిష్ చూసే కోణం లెక్క సులువే: తరంగం పొడవుని డిష్ వెడల్పుతో భాగించి 70తో గుణిస్తే డిగ్రీలు వస్తాయి. ఈగిల్ పంపింది 2282.5 మెగాహెర్ట్జ్ మీద. తరంగం పొడవు 13 సెంటీమీటర్లు. 64 మీటర్ల డిష్‌కి 0.14 డిగ్రీ. ఆకాశంలో నిండు చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. అంటే పార్క్స్ డిష్ చంద్రుణ్ని ఒకేసారి పూర్తిగా చూడలేదు, అడ్డంగా నాలుగో వంతు ముక్క మాత్రమే దానికి కనపడుతుంది. మన డాబా డిష్ పట్టే తరంగం 2.7 సెంటీమీటర్లు, వెడల్పు 60. దాని చూపు 3 డిగ్రీల పైచిలుకు. చెయ్యి బారచాపి రెండు వేళ్లు కలిపి పెడితే ఆకాశంలో ఎంత మేర కప్పుతాయో ఇంచుమించు అంత.

ఈ అంకె దగ్గర పెట్టుకుని సినిమా చూస్తే ఒక్కో సన్నివేశం వేరే రంగులో కనపడుతుంది. సినిమాలో కరెంటు పోతుంది, జనరేటరు అందుకోదు, కంప్యూటర్లో అంకెలు చెరిగిపోతాయి, నౌక ఎక్కడుందో తెలియకుండా పోతుంది. హ్యూస్టన్‌లో ఉన్న నాసా కంట్రోల్ కేంద్రానికి నిజం చెప్పకుండా నలుగురూ తంటాలు పడతారు. ఇదంతా కల్పితం. పార్క్స్‌లో అలాంటిది జరగలేదు. అయితే కల్పన వెనకున్న లెక్క సరైనదే. ఆకాశం నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ చొప్పున తిరుగుతుంది. 0.14 డిగ్రీల చూపున్న డిష్‌ని తిప్పే మోటారు ఆగిపోతే 35 సెకన్లలో చంద్రుడి మీద ఉన్న గురి మొత్తం జారిపోతుంది. మళ్లీ వెతకాలంటే? 10 డిగ్రీల పొడవు, 10 డిగ్రీల వెడల్పు ఉన్న ఆకాశపు ముక్కలో 0.14 డిగ్రీల చూపుతో ఆరు వేలకు పైగా చోట్ల ఆగి వినాలి. నౌక చంద్రుడి దగ్గరుందని తెలిస్తే చంద్రుడి పళ్లెం మీద పదమూడు చోట్లు వింటే చాలు. సినిమాలో వాళ్లకి తట్టే ఉపాయం అందుకే అంత హాయిగా ఉంటుంది. మొదటిసారి చూసేవాళ్ల కోసం ఆ సన్నివేశం ఇక్కడ విప్పి చెప్పను.

కల్పన అనిపించేంతగా ఉండి పూర్తిగా నిజమైనది గాలి. ఆ మధ్యాహ్నం పార్క్స్ మీద గంటకు 110 కిలోమీటర్లు మించిన ఈదురుగాలి రెండు సార్లు కొట్టింది. డిష్ అప్పటికి చంద్రోదయం కోసం తన హద్దు మేర వాలి ఎదురుచూస్తోంది. ఆ డిష్ క్షితిజానికి 30 డిగ్రీల కన్నా కిందికి వంగదు. అంత వాలి ఉన్నప్పుడే గాలికి అది తెరచాపలా దొరుకుతుంది. పైకి చూస్తూ ఉంటే గాలి అంచుల మీదుగా జారిపోతుంది. సురక్షితం అనుకున్నదానికి పది రెట్ల బలం దాని మీద పడింది. కదిలే భాగమే వెయ్యి టన్నుల బరువు, అది గోపురం మీద కూర్చుని ఉంటుంది. గాలికి వెనక్కి తూలి పళ్లచక్రాల మీద మొత్తుకుంది. కింద కంట్రోల్ గది ఊగింది. పార్క్స్ కేంద్రం డైరెక్టర్ జాన్ బోల్టన్ ఆపకుండా కొనసాగించాడు.

ఆ బలం ఎంతో మనవాళ్లకి చెప్పాలంటే హుద్‌హుద్ గుర్తుచేస్తే చాలు. 2014 అక్టోబర్ 12న విశాఖలో గాలి గంటకు 180 కిలోమీటర్లు తాకింది. ఊళ్లో డాబాల మీద టీవీ డిష్‌లు వంగినవి వంగాయి, ఎగిరినవి ఎగిరాయి. గాలి తోపు వేగానికి వర్గంలో పెరుగుతుంది. 110 దగ్గర 60 సెంటీమీటర్ల డిష్ మీద పడేది సుమారు 16 కిలోల తోపు, 180 దగ్గర 44 కిలోలు. అదే 110 గాలి 64 మీటర్ల డిష్‌కి పూర్తిగా ఎదురుపడితే 180 టన్నులు దాటుతుంది. పార్క్స్‌లో అప్పట్లో అంచు వైపు భాగం జాలీ కాబట్టి కొంత గాలి దూరిపోయేది. అయినా అంత బరువు తోస్తుంటే గురి ఎంత తప్పకుండా ఉండాలి? 64 మీటర్ల డిష్‌లో ఒక అంచు కన్నా ఎదుటి అంచు 8 సెంటీమీటర్లు ముందుకి జరిగితే సిగ్నల్ సగానికి పడిపోతుంది. మన డిష్ అయితే ఆ తేడా ఒకటిన్నర సెంటీమీటరు ఉంటే సగం. ఈ సంగతి పిల్లలకి డాబా మీద చేత్తో తోసి చూపించవచ్చు.

సినిమా చేసిన మార్పుల్లో నాకు కష్టంగా అనిపించేది ఒకటే. మొదటి అడుగు బొమ్మని పట్టింది పార్క్స్ అన్నట్టు సినిమా చూపిస్తుంది. అసలు ఆ అడుగుని ప్రపంచానికి చూపింది కాన్‌బెర్రా దగ్గరి హనీసకిల్ క్రీక్, 26 మీటర్ల డిష్‌తో. ఆర్మ్‌స్ట్రాంగ్ ముందు అనుకున్న విశ్రాంతిని వదులుకుని త్వరగా బయటికి వస్తానన్నాడు. పార్క్స్ దగ్గర చంద్రుడు 30 డిగ్రీల హద్దు దాటేది స్థానిక సమయం మధ్యాహ్నం 1.02కి. ఆయన అనుకున్న వేళకి వచ్చేసి ఉంటే పార్క్స్‌కి ఏమీ దక్కేది కాదు. సూట్లు తొడుక్కోవడం ఆలస్యమై 12.54కి కెమెరా వెలిగింది. మొదట గోల్డ్‌స్టోన్ బొమ్మ తలకిందులుగా వచ్చింది, సరిచేశాక నలుపు మరీ ఎక్కువైంది. అడుగు పడిన 12.56కి హనీసకిల్ క్రీక్ బొమ్మ వెళ్తోంది. పార్క్స్ డిష్‌లో ముఖ్య రిసీవరు పక్కన ఇంకొకటి ఓరగా పెట్టారు. అది హద్దుకి అవతల ఉన్న చంద్రుణ్ని ముందే అందుకుంది. ముఖ్య రిసీవరు గురికి వచ్చాక, ప్రసారం మొదలైన 8 నిమిషాల 51 సెకన్లకి, హ్యూస్టన్ పార్క్స్ బొమ్మకి మారింది. ఇక చివరిదాకా దాన్ని వదల్లేదు. రెండు కేంద్రాల పేర్లూ చెప్పి ఉంటే సినిమా రుచి ఏమీ తగ్గేది కాదు. మీరు పిల్లలకి చూపించేటప్పుడు ఆ పేరు మీరు చెప్పండి.

ఇంకొక ముచ్చట. పార్క్స్ నుంచి సిడ్నీకి మైక్రోవేవ్ గోపురాల మీదుగా వెళ్లిన బొమ్మ, అక్కడ రెండుగా చీలింది. ఒకటి ఆస్ట్రేలియా టీవీకి, ఇంకొకటి పసిఫిక్ మీది ఉపగ్రహం ఎక్కి హ్యూస్టన్‌కి. ఉపగ్రహం ఎక్కి దిగే దూరం లేనందువల్ల ఆస్ట్రేలియావాళ్లు మిగతా ప్రపంచం కన్నా సెకనులో మూడో వంతు ముందే చూశారు.

ఇక డాబా ఎక్కుదాం.

కావలసినవి: వాడకంలో లేని 60 సెంటీమీటర్ల టీవీ డిష్, దాని చేతికి ఉన్న ఎల్ఎన్‌బి (డిష్ పోగుచేసిన సిగ్నల్‌ని పట్టే ముక్క), పాత సెట్‌టాప్ బాక్స్ (రీచార్జ్ లేకపోయినా ఫరవాలేదు, దాంతో మనకి కావలసింది ఎల్ఎన్‌బికి వెళ్లే 13 లేక 18 వోల్టుల కరెంటే), సిగ్నల్ బలాన్ని ముల్లుతో చూపే శాటిలైట్ ఫైండరు, ఆర్‌జి-6 వైరు (డిష్‌కి వాడే మామూలు వైరు) 10 మీటర్లది ఒకటి, మీటరు ముక్క ఒకటి, రెండింటికీ ఇరువైపులా ఎఫ్ కనెక్టర్లు, 10, 13 నంబర్ల పానాలు. ఫైండరు అంకెలు చూపే ఖరీదైనది వద్దు. అవి ఫలానా ఉపగ్రహాన్నే గుర్తుపట్టేలా ఉంటాయి, సూర్యుడు వాటికి లెక్కలోకి రాడు. డిష్ మనుషులు జేబులో పెట్టుకు తిరిగే చవక ముల్లుదే మనకి సరైనది. వచ్చిన శక్తి ఏదైనా ముల్లు లేస్తుంది.

పాత ఇనప సామాన్ల కొట్టు నుంచి డిష్ తెచ్చుకుంటే ముందు వంకర చూడండి. అంచుకి ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా రెండు దారాలు బిగించి కట్టాలి. మధ్యలో ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే మంచిదే. తాకకుండా ఐదారు మిల్లీమీటర్ల ఎడం ఉంటే డిష్ మెలిపడింది, ఇంకొకటి చూసుకోవాలి. 2.7 సెంటీమీటర్ల తరంగానికి ఉపరితలం ఒకటి రెండు మిల్లీమీటర్లలోపు నిక్కచ్చిగా ఉండాలి. పార్క్స్‌వాళ్ల 13 సెంటీమీటర్ల తరంగానికి 8 మిల్లీమీటర్ల దాకా చెల్లుతుంది. సినిమాలో ఆ డిష్ లోపల క్రికెట్ ఆడటం చూసి కంగారుపడక్కర్లేదు.

నిలబెట్టడానికి గోడకి రంధ్రాలు కొట్టక్కర్లేదు. 20 లీటర్ల పెయింటు డబ్బాలో ఒకటిన్నర అంగుళాల ఇనప గొట్టం నిలబెట్టి కాంక్రీటు నింపండి. 45 కిలోల పైన బరువు తూగుతుంది. గొట్టం నిటారుగా ఉందో లేదో రసమట్టంతో రెండు వైపులా చూడాలి. ఇక్కడ ఒక డిగ్రీ వాలితే పైన కోణాలన్నీ తప్పుతాయి, ఎక్కడ తప్పిందో దొరకదు. డిష్ మధ్యభాగం నేల నుంచి మీటరుకి మించి ఎత్తులో ఉండకూడదు. మీటరు ఎత్తులో ఈ డబ్బా గంటకు 60 కిలోమీటర్ల గాలి దాకా తట్టుకుంటుంది, దాటితే బోర్లా పడుతుంది. విశాఖలో పొద్దెక్కాక సముద్రం గాలి మొదలై మధ్యాహ్నానికి పుంజుకుంటుంది. డబ్బా పడకపోయినా ముల్లు ఊగుతుంది. బీచ్ రోడ్డు పక్కనున్న డాబాల మీద ఉదయం 11లోపు పని ముగించుకోవడం మంచిది. పని అయ్యాక డిష్ విప్పి లోపల పెట్టేయండి. వాయుగుండం కబురు ఉన్న రోజుల్లో అసలు బయట ఉంచకూడదు.

వైర్లు కలిపేటప్పుడు సెట్‌టాప్ బాక్స్ ఆపే ఉండాలి. బాక్స్ వెలుగుతుండగా కనెక్టరు తిప్పితే మధ్య తీగ పక్క లోహానికి తగిలి షార్ట్ అవుతుంది, బాక్స్ పాడవుతుంది. ఫైండరుకి రెండు మూతులు ఉంటాయి. ఎల్ఎన్‌బి అని రాసిన మూతికి మీటరు ముక్క, రిసీవరు అని రాసిన మూతికి పొడుగు వైరు. తిరగేస్తే ముల్లు కదలదు. ఫైండరు డిష్ దగ్గరే ఉండాలి. పొడుగు వైరు అవతల పెడితే సిగ్నల్ దారిలోనే కరిగిపోతుంది. బాక్స్ వెలిగించాక పదిహేను నిమిషాలు ఆగండి. ఎల్ఎన్‌బి వేడెక్కుతున్నంతసేపూ ముల్లు దానంతటదే జారుతూ ఉంటుంది. తొందరపడి చూసినవాళ్లు అదే సూర్యుడనుకుంటారు.

ముందు చల్లటి ఆకాశం చూపించాలి. డిష్‌ని ఉత్తరానికి తిప్పి బాగా పైకి ఎత్తండి. మనకి టీవీ ఉపగ్రహాలన్నీ దక్షిణపు సగంలో ఒక విల్లులా ఉంటాయి, ఉత్తరాన ఒక్కటీ లేదు. ముల్లు 2 దగ్గర నిలిచేలా ఫైండరు మీద ఉన్న బిరడా తిప్పండి. ఇక దాన్ని ముట్టుకోవద్దు. ఇప్పుడు ఎల్ఎన్‌బి మూతి ముందు అరచెయ్యి పెట్టండి. ముల్లు ఒక్కసారి ఎగబాకుతుంది. చెయ్యి ఏ సిగ్నలూ పంపడం లేదు. వేడి ఉన్న ప్రతి వస్తువూ రేడియో తరంగాలు వెదజల్లుతుంది, ముల్లు చూపిస్తున్నది చేతి వేడి. డిష్‌ని పిట్టగోడ వైపు తిప్పినా అంతే. ఆకాశం చల్లన, గోడ వెచ్చన. పార్క్స్ టెలిస్కోపు చేసే పని మొదటి అక్షరం ఇదే.

తరవాత సూర్యుడు. మన డిష్‌లలో ఎల్ఎన్‌బి మధ్యలో కాకుండా కిందికి ఓరగా ఉంటుంది కాబట్టి డిష్ ముఖం ఎటు ఉంటే అటే చూస్తుందనుకోకూడదు. నిజంగా చూసే చోటు ముఖం కన్నా ఇంచుమించు 24 డిగ్రీలు పైన. నిట్టనిలువుగా నిలబెట్టినా అది 24 డిగ్రీల ఎత్తుకే చూస్తుంది. సులువు మార్గం అద్దాలు. రవికెల మీద కుట్టే గుండ్రటి చిన్న అద్దాలు మూడు తెచ్చి డిష్ ఉపరితలం మీద మూడు చోట్ల జిగురు టేపుతో పరుచుకునేలా అంటించండి. సూర్యుడి వైపు తిప్పినప్పుడు మూడు వెలుగు చుక్కలు ఎక్కడో చోట పడతాయి. మూడూ ఒకచోట చేరి ఎల్ఎన్‌బి మూత మీద పడితే గురి కుదిరినట్టే. సూర్యుణ్ని కళ్లతో చూసే అవసరమే లేదు, చూడనివ్వకండి కూడా. మూడు చిన్న అద్దాలకి మించి పెట్టకూడదు. వెండి కాగితం అంటించినా, మెరిసే పెయింటు వేసినా ఎండ మొత్తం ఒకచోట చేరి ఎల్ఎన్‌బి ప్లాస్టిక్కు కరిగిపోతుంది. డిష్‌లకి మెరుపు లేని బూడిదరంగు వేసేది అందుకే.

గురి కుదిరాక ముల్లు దాదాపు గోడ చూపించిన చోటికి చేరుతుంది. సూర్యుడు గోడ కన్నా ఎన్నో రెట్లు వేడి, కానీ 3 డిగ్రీల చూపులో వాడు అర డిగ్రీ చుక్క. నిండా ఉన్న గోరువెచ్చనీ ఒక మూల ఉన్న మహావేడీ ముల్లుకి ఒకటే. ఇప్పుడు డిష్‌ని సూర్యుడు వెళ్లే దారిలో కాస్త ముందుకి, పడమర వైపు జరిపి బిగించి వదిలేయండి. నిమిషానికొకసారి ముల్లు అంకె కాగితం మీద రాసుకోవాలి. సూర్యుడు నడిచి వస్తాడు, ముల్లు మెల్లగా లేచి, నిలిచి, దిగుతుంది. సగం ఎత్తు నుంచి సగం ఎత్తు దాకా 12 నుంచి 14 నిమిషాలు పడుతుంది. నాలుగుతో భాగిస్తే మీ డిష్ చూపు ఎన్ని డిగ్రీలో వస్తుంది. పైన చెప్పిన మూడు డిగ్రీల లెక్కకి అది సరిపోవడం చూసినప్పుడు పిల్లల ముఖం చూడాలి. మీ డిష్‌కి పన్నెండు నిమిషాలు పట్టిన దాటుడు పార్క్స్‌కి అరనిమిషం.

ఏ నెలలో చెయ్యాలన్నది ముఖ్యం. డిసెంబరు, జనవరి బాగుంటాయి. డిసెంబరు చివర విశాఖలో మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 49 డిగ్రీలే, డిష్ వెనక ఉన్న బిగింపు పట్టీ సుఖంగా అందుకుంటుంది, ఆకాశం పొడిగా ఉంటుంది. మే రెండో వారం నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు. పట్టీలో అంత ఎత్తుకి గాడి ఉండదు. ఆ నెలల్లో పొద్దున్న ఎనిమిదిన్నరకో సాయంత్రం నాలుగింటికో చూసుకోవాలి. మందపాటి వాన మబ్బు వస్తే అది కూడా వెచ్చగానే ఉంటుంది, ముల్లు లేస్తుంది. చంద్రుడి మీద ప్రయత్నించి విసుగు తెచ్చుకోకండి. చంద్రుడి వేడికి ఈ డిష్‌లో వచ్చే పెరుగుదల ఎల్ఎన్‌బి సొంత రొదలో నూటికి నాలుగైదు వంతులు, చవక ముల్లు దాన్ని పట్టుకోలేదు. 64 మీటర్ల డిష్‌కేమో చంద్రుడు చూపంతా నిండిపోతాడు. ఈగిల్ మాట వినడానికి చంద్రుడి వేడి రొదని కూడా దాటాల్సి వచ్చింది.

మన ఊరి ఉప్పుగాలికి ముందు పోయేది కనెక్టరు. రాగి తీగ మీద పచ్చటి చిలుము పట్టిందంటే ముల్లు వణుకుతుంది, ఒక్కోసారి చచ్చిపోతుంది. గీకి వాడొద్దు, అంగుళం కత్తిరించి కొత్త కనెక్టరు వేయండి. మామూలు నల్ల టేపు చుడితే లోపలికి చేరిన నీరు బయటికి రాదు. సాగదీసి చుడితే తనకి తానే అతుక్కుపోయే రబ్బరు టేపు వాడాలి. ఎల్ఎన్‌బి దగ్గర వైరుకి కిందికి ఒక వంపు ఇస్తే వాననీరు అక్కడే కారిపోతుంది.

ఇంట్లో నడుస్తున్న డిష్‌ని మాత్రం కదపకండి. పొరపాటున కదిలిందనుకోండి, విశాఖకి లెక్కలు ఇవి. 83 డిగ్రీల తూర్పున ఉన్న ఉపగ్రహానికి పెట్టిన టాటా ప్లే డిష్ దాదాపు సూటిగా దక్షిణానికి చూడాలి, ఎత్తు 69 డిగ్రీలు. మన ఊరు 83.3 డిగ్రీల మీద ఉండటం వల్ల వచ్చిన సౌకర్యం ఇది. డీడీ ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల మీద ఉంది, దానికి ఉత్తరం నుంచి కుడిచేతివైపుగా 149 డిగ్రీలు, ఎత్తు 66. ఫోన్ దిక్సూచి వాడేటప్పుడు ఇనప గొట్టానికి రెండు మీటర్ల దూరంలో నిలబడాలి, లేకపోతే ఇనుము దాన్ని తన వైపు లాగుతుంది.

ఏడాదికి రెండుసార్లు మీరేమీ కదపకుండానే ఇంటి డిష్ తనంతట తానే సూర్యుణ్ని చూస్తుంది. మార్చి 12కి అటూ ఇటూ కొన్ని రోజులు, అక్టోబరు 1కి అటూ ఇటూ కొన్ని రోజులు, ఉపగ్రహం సరిగ్గా వెనకనుంచి సూర్యుడు దాటుతాడు. 83 డిగ్రీల డిష్‌కి మార్చిలో మధ్యాహ్నం 12.07 ప్రాంతంలో, అక్టోబరులో 11.47 ప్రాంతంలో. 93.5 డిష్‌కి మార్చిలో 11.20, అక్టోబరులో 11 గంటల ప్రాంతం. ఆ కొద్ది నిమిషాలు బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోవచ్చు, పూర్తిగా పోవచ్చు కూడా. కంపెనీకి ఫోన్ చెయ్యక్కర్లేదు. అప్పుడు డాబా ఎక్కి చూడండి, ఎల్ఎన్‌బి నీడ డిష్ కింది అంచు దగ్గర, సరిగ్గా నడిమధ్య గీత మీద పడి ఉంటుంది.